ఎం10 నుంచి ఎం11కి మారాలా? ముందు రేంజ్‌ఫైండర్ సంగతి తేల్చుకోండి

లైకా కెమెరా ఎం10 అమ్మేసి ఎం11 తీసుకోవాలా అని అడిగేవాళ్లను నేను మొదట అడిగేది ఒకటే: ఇప్పుడున్న బాడీలో రేంజ్‌ఫైండర్‌ను, అంటే దూరం చూసి ఫోకస్ కుదిర్చే ఏర్పాటును, ఆఖరుసారి ఎప్పుడు సరిచూశారు? 2017లో వచ్చిన ఎం10లో సెన్సరు 24 మెగాపిక్సెళ్లు, 2022 నాటి ఎం11లో 60. ఫోకస్ చేసే ఏర్పాటు మాత్రం రెండింటిలోనూ ఒకటే. వ్యూఫైండర్ మాగ్నిఫికేషన్ అదే 0.73. లెన్సు వెనక ఆనుకుని కదిలే రోలరు, దాన్ని మోసే చేయి, వ్యూఫైండర్ మధ్యలో కనిపించే ప్యాచ్ (రెండు బొమ్మలు ఒకటైతే ఫోకస్ కుదిరినట్టు చూపే చిన్న చదరం) కూడా అవే.

ఆ ప్యాచ్ అంటే నాకు ఇప్పటికీ పిచ్చి. గూగూడు పీర్ల పండగ రాత్రి అగ్నిగుండం చుట్టూ తోపులాటలో, తలపాగా అంచు రెండుగా కనిపించి ఒకటైతే చాలు, నొక్కేయొచ్చు. మంట వెలుగు పక్కనుంచి రేంజ్‌ఫైండర్ కిటికీలో పడినప్పుడు ప్యాచ్ తెల్లగా పాలిపోతుంది. కన్ను ఐపీస్‌కు సరిగ్గా మధ్యలోకి జరిపితే కొంత తేరుకుంటుంది. కొత్త బాడీలోనూ ఇదే తంతు.

చిక్కల్లా గతుకులతోనే. బండి ట్యాంకు మీద బ్యాగు, బస్సు పై అర, జీపు సీటు అడుగు... ఇలా అదిరీ అదిరీ రోలరు అమరిక వెంట్రుకవాసి జరుగుతుంది. జరిగినట్టు తెలియదు కూడా. ప్యాచ్‌లో బొమ్మ పైకీ కిందికీ తేడాగా కనిపిస్తే కంటికి చికాకే గానీ ఫోకస్ తప్పదు. పక్కలకు తప్పినప్పుడే అసలు నష్టం. ప్యాచ్ కలిసినట్టే ఉంటుంది, బొమ్మలో మాత్రం కన్ను వదిలేసి చెవి షార్ప్‌గా వస్తుంది.

లెక్క చూడండి. 50 మి.మీ. లెన్సు, ఎఫ్/2, మీటరు దూరం. పాత పద్ధతి ప్రకారం సెన్సరు మీద 0.03 మి.మీ. మసకను సహిస్తే ఫోకస్ లోతు సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు. 60 మెగాపిక్సెళ్ల ఫైలును వంద శాతంలో చూసేవాడు అంత మసకను ఒప్పుకోడు. 0.01 అనుకుంటే మిగిలేది ఒకటిన్నర సెంటీమీటరు. ఎం10లో కనపడకుండా దాగిన తేడా ఎం11లో బట్టబయలవుతుంది. తూకపురాయే తరుగున్నప్పుడు తక్కెడ మార్చి ఏం లాభం?

సరిచూడటం కష్టమేమీ కాదు. కిలోమీటరుకు పైగా దూరంలో ఉన్న సెల్ టవరు చూసుకోండి. లెన్సును ఇన్ఫినిటీ దాకా తిప్పితే ప్యాచ్‌లో రెండు టవర్లు ఒకటవ్వాలి. తర్వాత బల్ల మీద స్కేలును 45 డిగ్రీలు వాల్చి, ట్రైపాడ్ మీద, మీటరు దూరం నుంచి, లెన్సు పూర్తిగా తెరిచి, ఒక అంకె మీద ప్యాచ్‌తో ఫోకస్ చేసి ఫొటో తీయండి. అదే అంకెను లైవ్‌వ్యూలో పెద్దది చేసి ఫోకస్ చేసి మరొకటి. రెండో లెన్సుతోనూ ఇదే చేయండి. రెండు లెన్సులూ ఒకే వైపుకు తప్పితే తప్పు బాడీది, ఒక్కటే తప్పితే ఆ లెన్సుది. బాడీదని తేలితే రోలరు స్క్రూను హెక్స్ కీతో తిప్పేసే వీడియోలు చూసి మాత్రం దిగకండి. ఇన్ఫినిటీ కుదిరిందనుకునే లోపు దగ్గరి దూరం తప్పుతుంది. కర్నూలు, అనంతపురంలో ఈ పని చేసేవాళ్లు నాకు తెలిసి లేరు. పెద్ద ఊరికి పంపాల్సిందే, వారాలు ఆగాల్సిందే.

మరి ఎం11లో ఏముంది? ఎండ. గండికోట అంచున మిట్టమధ్యాహ్నం ఐఎస్ఓ 100, ఎఫ్/2 పెడితే షట్టరు 1/6400 సెకను కావాలి. ఎం10 షట్టరు 1/4000 దగ్గరే ఆగిపోతుంది, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు తగిలించక తప్పదు. ఎం11లో ఐఎస్ఓ 64 ఉంది కాబట్టి ఎఫ్/2కి 1/4000 చాలు. ఎఫ్/1.4కి 1/8000 కావాలంటే ఎలక్ట్రానిక్ షట్టరు ఉంది, అది 1/16000 దాకా పోతుంది. ఫిల్టరు బాధ పూర్తిగా పోయింది. పోయిందంటే, కదలని వాటి విషయంలో. ఎలక్ట్రానిక్ షట్టరుతో పరిగెత్తే ఎద్దుల కాళ్లు వంకర్లు పోతాయి, ఎల్ఈడీ దీపాల కింద అడ్డచారలు పడతాయి.

దుమ్ము ఇంకో సంగతి. ఎం10 షట్టరు రేకుల మీద పడిన వెలుతురును కొలుస్తుంది. ఎం11 సెన్సరుతోనే కొలుస్తుంది కాబట్టి ఆన్‌లో ఉన్నంతసేపూ షట్టరు తెరిచే ఉంటుంది. తాడిపత్రి బండల పాలిష్ యూనిట్ల దగ్గర ఆఫ్ చేయకుండా లెన్సు మార్చారా, ఎఫ్/16లో ఆకాశం నిండా చుక్కలే. ఆఫ్ చేసి, కెమెరా నోరు కిందికి పెట్టి మార్చండి.

బ్యాటరీ 1100 నుంచి 1800 ఎంఏహెచ్‌కి పెరిగింది, యూఎస్‌బీ-సీ వచ్చింది, అడుగు ప్లేటు ఊడదీసే పని పోయింది. మంచివే, కానీ వీటికోసం లక్షలు పోయలేం.

పెళ్లి ఆల్బమ్‌లు చేసేవాళ్ల లెక్క వేరు. 12×18 పేజీకి ఎం10 ఫైలు అంగుళానికి 330 పిక్సెళ్లు ఇస్తుంది, నిక్షేపంగా సరిపోతుంది. ఒకే ఫొటోను 12×36 షీటు మొత్తం పరిస్తే అది 165కి పడిపోతుంది. ఎం11లో అదే 264. ఆ షీట్లు ఎక్కువగా వేసేవాళ్లు కొనొచ్చు. నేను వాడేది ఎక్కువగా 28, 35 లెన్సులు, ఎఫ్/5.6 చుట్టుపక్కల. నాకు సర్దించిన ఎం10 చాలుతోంది. 75, 90 వాడేవాళ్లకు, కళ్లద్దాల పవరు మారుతున్నవాళ్లకు నా మాట పనికిరాకపోవచ్చు. వాళ్లు విజోఫ్లెక్స్ (కెమెరా పైన పెట్టే ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్) తగిలించుకోవడమో, ప్యాచే లేని ఎం ఈవీ1 చూడటమో మేలు. సెకండ్‌హ్యాండ్ ఎం11 బేరమాడబోతే మాత్రం సొంత 50, ఒక స్కేలు వెంట తీసుకెళ్లండి. అమ్మేవాళ్ల లెన్సుతో మాత్రమే చూస్తే తేడా బాడీదో లెన్సుదో తేలదు.