ఆర్‌ఎక్స్ 100 గేర్‌బాక్స్ మూలుగు: ఆటోనగర్ షెడ్డు అనుభవం

నాది 1994 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు. ఏ గేరులో ఉన్నా నలభై దాటితే పిండిమర మూలుగు. మా వీధి మెకానిక్ చైన్ సెట్ మార్చాడు. డబ్బులు పోయాయి, మూలుగు పోలేదు.

విజయవాడ ఆటోనగర్‌లో ఈ షెడ్డుకి బోర్డు కూడా లేదు. మేస్త్రీ బండి తోలి, ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో దొర్లనిచ్చాడు. మూలుగు అలాగే ఉంది. "అయితే క్రాంక్ కాదు సార్" అన్నాడు. ఇంజిన్ ఆగితే దాని లోపలి ఆ ఇరుసు తిరగదు కదా. చైన్ ఊడదీసి ముందు స్ప్రాకెట్‌ని, అంటే చైన్‌ని తిప్పే పళ్లచక్రాన్ని, పైకీ కిందికీ ఊపమన్నాడు. వదులు (ప్లే) చేతికే తెలిసింది. దాని వెనక ఆయిల్ సీల్ చుట్టూ జిడ్డు. గేర్ ఆయిల్ దించితే వెండిపొడి కలిపినట్టు మెరిసింది. అంటే ఆ స్ప్రాకెట్ ఇరుసుని మోసే బేరింగ్ అరిగిపోయిందన్నమాట.

ఈ బండికి ఇంజిన్ దించి, కేసు రెండుగా విప్పితేగానీ ఆ బేరింగ్ బయటికి రాదు. సుత్తితో బాదేస్తాడేమో అని నా టెన్షన్. కేసు వేడి చేసి బోర్లిస్తే బేరింగ్ తనే జారిపడింది! కొత్తదాన్ని ఐసులో ఉంచి తెచ్చి, వేళ్లతోనే కూర్చోబెట్టాడు. పాతదాన్ని నా చేతిలో పెట్టాడు. గోళీలు తిరిగే దారంతా పొక్కులే. తప్పు నాదే లెండి, చైన్‌ని వీణ తీగలా బిగించేవాణ్ణి, ఆ లాగుడంతా ఈ బేరింగ్ మీదే పడింది.

బేరింగులు, సీళ్లు, గాస్కెట్లు, కూలీ కలిపి 3,800. రెండు రోజులని ఆరు రోజులు తిప్పాడు, ఫోన్ ఎత్తడు. పని మాత్రం శుభ్రం. మూలుగు పోయాక వెనక మడ్‌గార్డ్ గలగల వినపడుతోంది.