బ్లీక్లో కొండా, తడి బూట్ల గొడవా

ఇంగ్లండ్‌లోని బ్లీక్లో అనే కొండ ఎక్కడానికి వెళ్తే, నడకకు వచ్చేవాళ్లకు ప్రత్యేక వసతి ఉందని చెప్పుకొనే లాడ్జిలో, బూట్లు తడిశాయని మమ్మల్ని వానలో గుమ్మం బయటే నిలబెట్టారు. ముగ్గురికి కలిపి ఒక గది, రాత్రికి 96 పౌండ్లు. బూట్లు ఆరబెట్టుకునే గది ఉందని బుక్ చేసినప్పుడు చెప్పారు. తీరా వెళ్తే దానికి తాళం, లోపల వాళ్ల సామాన్లు. బూట్లు బయటే వదలమన్నారు. తెల్లారేసరికి వాటిలో నీళ్లు నిలిచాయి. గది అద్దెలోనే ఉందన్న ఫలహారానికి మనిషికి 13 పౌండ్లు విడిగా వేశారు. ఎన్నడూ గొంతు పెంచని మా ఆవిడ బుకింగ్ కాగితం బల్ల మీద పెట్టి ఒక్కో వరుసా చదివి వినిపించింది. అయినా ఒక్క పౌండూ వెనక్కి ఇవ్వలేదు.

ఇంత జరిగినా ఆ కొండకు మళ్లీ వెళ్తాను. మాంచెస్టర్ నుంచి కొండ కింది ఊరు గ్లాసప్‌కు రైల్లో అరగంట. బ్లీక్లో కొండ ఎత్తు 633 మీటర్లు. తిరుమల మెట్లెక్కిన కాళ్లకు అదొక లెక్క కాదు, పరీక్షంతా నేలతోనే. డాక్టర్స్ గేట్ దారిన ఎక్కి పెన్నైన్ వే అనే పొడవాటి నడకదారి అందుకున్నాం. రాతి పలకలు దాటితే ఇక పీట్ నేలే, అంటే నాచు పూర్తిగా కుళ్లకుండా ఏళ్ల తరబడి పేరుకున్న నేల. తడిసిన టీ పొడిలా నల్లగా ఉండి, అడుగు వేస్తే చీలమండ దాకా దిగుతుంది. చిటికెడు తీసి నలిపితే ఎప్పటివో నాచు పోగులు వేళ్లకు తగులుతాయి. ఫ్యాక్టరీల పొగకు పైనున్న నాచు చచ్చిపోయి, వానకు నేల కోసుకుపోయి లోతైన కాలువలు పడ్డాయి. ఇప్పుడు వాటికి అడ్డంగా రాళ్లు పేర్చి నాచు మళ్లీ నాటుతున్నారు. జూన్ నెల కావడంతో చుట్టూ దూదిగడ్డి తెల్లగా ఊగుతోంది. మధ్యాహ్నం దాకా మాకు ఎదురైనవాళ్లు ఇద్దరే.

కొండ మీద హయ్యర్ షెల్ఫ్ స్టోన్స్ అనే రాళ్ల దగ్గర విమాన శకలాలున్నాయి. 1948 నవంబరు 3న అమెరికా వాయుసేన బీ-29 విమానం మబ్బుల్లో ఈ కొండను ఢీకొంది. అందులోని 13 మందీ చనిపోయారు. ఇంజన్లు ఇంకా అక్కడే తుప్పు పట్టి ఉన్నాయి. ఒకదాని సందులో ఎవరో ఎర్రటి కాగితపు పువ్వు గుచ్చారు. పక్కనే చిన్న చెక్క శిలువ ఒరిగిపోయి ఉంది. దారి పొడుగునా ఆఫీసు కబుర్లు చెబుతూ వచ్చిన మా బావమరిది వంగి దాన్ని నిలబెట్టి, మొదలు దగ్గర రాయి ఆసరా పెట్టాడు. పులిహోర డబ్బా విప్పేదాకా మళ్లీ నోరు తెరవలేదు.

దిగేటప్పుడే వాన పట్టుకుంది. పొగమంచు కమ్మితే పైన అన్ని కాలువలూ ఒకేలా కనిపిస్తాయి. ఫోను మీద ఆధారపడకండి, కాగితపు పటం, దిక్సూచి ఉండాల్సిందే. పొద్దున్నే బయల్దేరి సాయంత్రం రైలుకే తిరిగి వెళ్లిపోండి. రాత్రికి ఉండే తీరాలంటే బూట్లు ఎక్కడ ఆరబెట్టుకోవాలో, ఫలహారానికి ఎంతో ముందే రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి.