పొక్లెయిన్‌కి నూనె మార్చాలా, మోటారు మార్చాలా?

లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. రోజంతా మట్టి తవ్వే పొక్లెయిన్‌కి ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. దీన్ని తగ్గించడానికి నార్వే రాజధాని ఓస్లో రెండు దారులూ తొక్కి చూసింది.

మొదటిది హెచ్‌వీవో. వాడేసిన వంటనూనె, జంతువుల కొవ్వు లాంటివాటిని హైడ్రోజన్‌తో శుద్ధి చేసి తయారుచేసే డీజిల్ ఇది. పాత బండి, పాత ట్యాంకే. కాంట్రాక్టరుకి ఇంతకన్నా హాయి ఏముంటుంది! కానీ మోత తగ్గదు, పొగగొట్టంలోంచి కార్బన్ వస్తూనే ఉంటుంది. అది మొన్నటిదాకా మొక్కలు పీల్చుకున్నదే కాబట్టి లెక్కలో తీసేస్తారు, అంతే. పైగా వాడేసిన నూనె దొరికేది కొంతే. దాని పేరుతో తాజా పామాయిల్ వచ్చి పడితే అడవులు పోతాయి, లెక్కంతా తలకిందులవుతుంది.

రెండోది బ్యాటరీతోనో, కేబుల్‌తోనో నడిచే యంత్రం. 2019లో ఓస్లో నడిబొడ్డున ఒక వీధిని ఇలాంటి యంత్రాలతో బాగుచేశారు. పని జరుగుతున్నా పక్క షాపులవాళ్లు తలుపులు తీసే ఉంచుకున్నారు. 2025 నుంచి నగరపాలక సంస్థ పనులకు ఉద్గారాలు లేని యంత్రాలే వాడాలని నిబంధన పెట్టారు. ధర మాత్రం డీజిల్ బండికి రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఛార్జింగ్ టెన్షన్ సరేసరి.

ఊరి మధ్య పనికైతే నా ఓటు బ్యాటరీకే. కాకపోతే నార్వే కరెంటు దాదాపు అంతా జలవిద్యుత్తు. మన దేశంలో ఎక్కువ భాగం బొగ్గుదే కాబట్టి అంత లాభం ఇక్కడ రాదు. కరెంటు లైనే చేరని కొండల్లో రోడ్డు పనికి మాత్రం, అసలు దొరికితే, హెచ్‌వీవోనే నయం.