ఆటోనగర్‌లో ఒక కారు ఏసీ షెడ్డు: గేజ్ పెట్టాకే మాట

పాత కారు నడిపేవాళ్ళ కోసం రాస్తున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో నేను వెళ్ళిన ఏసీ షెడ్డులో కూర్చోడానికి సరైన నీడ లేదు. పొద్దున్నే రమ్మని, పని మొదలుపెట్టేసరికి ఎండ నెత్తికెక్కించారు. బిల్లు అంటే పాత క్యాలెండరు కాగితం వెనక పెన్నుతో వేసిన లెక్క. అయినా మళ్ళీ అవసరమైతే అక్కడికే వెళ్తాను.

నాది 2009 మోడల్ చిన్న పెట్రోల్ బండి. ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో. ఇన్సూరెన్స్ పని కాబట్టి తిరుగుడంతా మంగళగిరి, తాడేపల్లి, బెజవాడ. ఈ ఎండాకాలం బండికి వింత జబ్బు పట్టుకుంది. హైవే మీద ఏసీ బ్రహ్మాండంగా ఉంటుంది. కాజ టోల్‌గేట్ లైన్లో ఆగితే చాలు, వేడిగాలి మొదలు. ఇంకాసేపటికి ఇంజిన్ వణికి, గట్టిగా ఒకసారి ఊగి, ఆఫ్. తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయిపోతుంది. బెంజి సర్కిల్ సిగ్నల్ పచ్చగా మారినప్పుడు సరిగ్గా ఇదే జరిగితే వెనక ఆటోవాళ్ళు పెట్టే హారన్లకి వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు. సిగ్నల్ కనిపించగానే ఏసీ ఆపేసి అద్దాలు దించుకోవడం అలవాటైపోయింది. క్లయింటు ఇంటికి చెమటలు కారుతూ వెళ్ళి పాలసీ గురించి మాట్లాడితే ఎవరు వింటారు?

దీనికి ముందు చూపించిన ఒక ఏసీ షాపులో గ్యాస్ ప్రెషర్ కొలిచే గేజ్ కూడా పెట్టకుండా, "గ్యాస్ తగ్గింది మేడమ్" అని ఎక్కించి పంపారు. ఆ తర్వాత బండి ఇంకా తొందరగా ఆగిపోవడం మొదలైంది. ఇంకో మెకానిక్ ఏసీ సంగతి పక్కనపెట్టి, ఫ్యూయల్ పంపు మార్చాలన్నాడు. అది కాకపోతే ఇంజిన్ తిరుగుడు కనిపెట్టే క్రాంక్ సెన్సర్ అట. "కాకపోతే" అనే మాటకి నేను తొమ్మిది వేలు పెట్టదలుచుకోలేదు. పటమటలో ఉండే మా మరిది ఈ షెడ్డు చెప్పాడు.

ఇక్కడి మేస్త్రి గారు పెద్దాయన. బానెట్ తెరవకముందే ప్రశ్నలు వేశారు.

"ఏసీ ఆపేసి ఉన్నప్పుడు ఎప్పుడైనా ఆగిందామ్మా?"

లేదన్నాను.

"ఆగాక సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటుందా, చల్లారేదాకా ఆగాలా?"

వెంటనే అందుకుంటుందన్నాను.

"వారధి మీద 80లో పోతుంటే వెనక్కి గుంజినట్టు ఉంటుందా?"

అదీ లేదు.

అయితే పంపు, సెన్సర్ల జోలికి ఇప్పుడే పోవద్దన్నారు. పంపు బలహీనపడితే ఇంజిన్‌కి పెట్రోలు ఎక్కువ కావాల్సిన చోట, అంటే స్పీడులోనో ఎత్తు ఎక్కేటప్పుడో తెలిసిపోతుందట. క్రాంక్ సెన్సర్ వేడికి పోయేదైతే ఏసీ ఉన్నా లేకపోయినా ఆపేస్తుంది, చాలాసార్లు చల్లారేదాకా స్టార్ట్ కానివ్వదు. ఏసీ వేసినప్పుడే, అదీ బండి నిలబడినప్పుడే వచ్చే తంటా అంటే వేడిగాలి, ఇంజిన్ ఆగిపోవడం, ఈ రెండు జబ్బులకీ మూలం ఒకటేనేమో చూద్దామన్నారు. నాకు అప్పటిదాకా ఎవరూ ఈ రెండింటినీ కలిపి చెప్పలేదు.

తర్వాత గేజ్ పెట్టారు. నీలం ముల్లు తక్కువ ప్రెషర్ వైపుది, ఎర్రముల్లు ఎక్కువ ప్రెషర్ వైపుది. ఏసీ వేసి బండిని ఐడ్లింగ్‌లో వదిలేశారు. ఎర్రముల్లు మెల్లగా ఎక్కుతూ 350 పీఎస్ఐ దాటింది. అక్కడ ఇంజిన్ వణకడం మొదలుపెట్టింది. అప్పుడు ఆయన కుర్రాణ్ణి పిలిచి ముందు గ్రిల్ లోంచి కండెన్సర్ మీద మగ్గుతో నీళ్ళు పోయించారు. ముల్లు చూస్తుండగానే 220 దగ్గరికి దిగింది. వణుకు తగ్గింది. లోపల చల్లగాలి వచ్చింది. ఈ ఒక్క పరీక్ష కోసమే ఈ రివ్యూ రాస్తున్నానన్నా తప్పులేదు. స్కానర్ లేదు, కంప్యూటర్ లేదు, ఒక బకెట్టు నీళ్ళతో తేల్చేశారు.

కండెన్సర్ పని లోపలి వేడిని బయటి గాలికి వదలడం. హైవే మీద ఎదురుగాలి ఆ పని చేసేస్తుంది. బండి నిలబడితే ఫ్యానే దిక్కు. ఫ్యాన్ సరిగ్గా తిరగకపోతే గ్యాస్ చల్లబడదు, ప్రెషర్ పెరుగుతుంది, అంత ప్రెషర్‌కి ఎదురు నొక్కాలి కాబట్టి కంప్రెసర్ తిప్పడానికి ఇంజిన్ తంటాలు పడుతుంది. ప్రెషర్ మరీ పెరిగితే స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది, అప్పుడే వేడిగాలి. పాత షాపువాళ్ళు కొలత లేకుండా గ్యాస్ దట్టించడంతో ప్రెషర్ ఇంకా ఎక్కింది.

"ఫ్యాన్ తిరుగుతూనే ఉంది కదండీ" అన్నాను, కళ్ళారా చూస్తున్నాను కాబట్టి. ఆయన గ్రిల్ దగ్గర ఒక కాగితం పెట్టారు. రేడియేటర్ ఫ్యాన్ వైపు టక్కున అతుక్కుంది. ఏసీ ఫ్యాన్ వైపు పెడితే ముసలి ఎద్దు గడ్డి పరకని వాసన చూసి వదిలేసినట్టు జారి పడిపోయింది. నా బండిలో రెండు ఫ్యాన్లూ వేరు, అందుకే హీట్ ముల్లు ఎప్పుడూ మామూలుగానే ఉండేది, నాకు అనుమానం రాలేదు. బ్యాటరీ నుంచి ఏసీ ఫ్యాన్‌కి నేరుగా కరెంటు ఇచ్చి చూశారు. అప్పుడూ నీరసమే. వేగం పెరిగి ఉంటే రిలేనో వైరింగో అయి ఉండేదట. పెరగలేదు కాబట్టి మోటారులో బ్రష్‌లు అరిగాయి.

ఇక్కడ నాకు నచ్చింది, ఎంచుకునే పని నాకే వదిలేయడం. బ్రష్‌లు మార్పిస్తే 600, గ్యారంటీ ఉండదు. కొత్త మోటారు 2,300, ఆరు నెలల గ్యారంటీ. కొత్తదే వేయించాను. పక్క వీధిలో పార్టుల షాపు నుంచి కుర్రాడు పది నిమిషాల్లో తెచ్చాడు. ఆటోనగర్‌లో ఉన్న సుఖం ఇదే.

ఫ్యాన్ మారాక కూడా ఏసీ వేసిన క్షణంలో ఇంజిన్ ఒకసారి దిగి లేస్తోంది. నేనైతే పట్టించుకునేదాన్ని కాదు. ఆయన వదల్లేదు, ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే త్రాటిల్ బాడీ విప్పించారు. లోపల నల్లటి కార్బన్ జిగురు. ఏసీ వేయగానే ఐడిల్ వాల్వ్ కొంచెం తెరుచుకుని గాలి ఎక్కువ ఇవ్వాలి, ఐడ్లింగ్ 800 నుంచి 950 ఆర్‌పీఎం దాకా పెరగాలి. ఆ దారి మూసుకుపోతే బరువు మీద పడినప్పుడు ఇంజిన్ తట్టుకోలేదు. కడిగి బిగించాక ఆర్‌పీఎం ముల్లు దిగకుండా నేరుగా పైకి లేచింది.

గ్యాస్ కూడా మొత్తం తీసేసి, అరగంట వాక్యూమ్ పట్టి, బానెట్ కింద స్టిక్కర్‌లో రాసిన గ్రాముల ప్రకారం తూకం వేసి ఎక్కించారు. నాకు నచ్చనిది ఇక్కడే ఉంది. తీసిన గ్యాస్‌ని మెషీన్‌లోకి పట్టకుండా గాల్లోకి వదిలేశారు. ఈ ఆర్-134ఎ గ్యాస్ బరువుకి బరువు చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా వాతావరణాన్ని వేడెక్కిస్తుంది. అడిగితే "ఆ మెషీన్ ఖరీదు ఎక్కువమ్మా" అన్నారు. ఇంత పని తెలిసిన మనిషి ఆ మెషీన్ కొనుక్కుంటే బాగుండు. ఎండలు మండుతున్నాయని తిట్టుకునే ఊళ్ళోనే కదా ఇదంతా.

మోటారు 2,300, గ్యాస్, వాక్యూమ్ కలిపి 1,500, త్రాటిల్ కడగడం 600, కూలి 700. మొత్తం 5,100. పాత మోటారు అడగకుండానే కవర్లో పెట్టి ఇచ్చారు. ఫోన్‌పే ఉంది. గ్యారంటీ మాత్రం నోటిమాటే, కాగితం అడిగి రాయించుకోండి. నేను క్యాలెండరు కాగితం మీదే తేదీ వేయించి సంతకం పెట్టించుకున్నాను. ఆడవాళ్ళు వెళ్తే వాష్‌రూమ్ లేదన్న సంగతి ముందే తెలుసుకుని వెళ్ళండి. పక్కన లారీ బాడీలు కట్టే సుత్తి దెబ్బలకి ఫోన్ మాట్లాడటం కూడా కుదరదు. మధ్యాహ్నం తర్వాత వెళ్తే పని మర్నాటికి పడుతుంది.

ఆ తర్వాత మిట్టమధ్యాహ్నం బెంజి సర్కిల్ దగ్గర, కాజ టోల్‌గేట్ దగ్గర ఏసీ వేసుకునే నిలబడ్డాను, బండి ఆగలేదు. ఏసీ ఆపినా కంప్రెసర్ దగ్గర సన్నటి మోత ఒకటి మిగిలింది. పుల్లీ బేరింగ్ అట. ఇప్పుడే విప్పక్కర్లేదు, మోత పెరిగితే రమ్మన్నారు. అది కూడా చేయించాక ఎంత తీసుకున్నారో ఇక్కడే రాస్తాను.