సింథటిక్ పాపులేషన్ సర్వీస్: లెక్కలు కుదిరాయి, కుటుంబాలు కుదరలేదు

ట్రాన్స్‌పోర్ట్ మోడల్ కోసం, శాంపిల్ సర్వేలోని కుటుంబాలను తగినన్నిసార్లు కాపీ చేసి నగర జనాభాను కుటుంబం కుటుంబంగా తయారుచేసి ఇచ్చే ఒక పెయిడ్ సర్వీస్ వాడాం. రిపోర్టు చూడగానే సంతోషం వేసింది. ప్రతి జోన్‌లో ఇళ్ల సంఖ్య, వయసులవారీ లెక్క జనగణనకు అతికినట్టు సరిపోయాయి. మామూలు ఐపీఎఫ్‌తో (లెక్కలు జనగణన మొత్తాలకు సరిపోయేదాకా మళ్లీ మళ్లీ గుణించి సర్దే పద్ధతి, 1940లో డెమింగ్, స్టీఫన్ చెప్పింది) ఇళ్ల లెక్క సర్దితే మనుషుల లెక్క చెదురుతుంది, వీళ్లు రెండూ కలిపి సర్దే ఐపీయూ వాడారు, అది మెచ్చుకోవాలి.

కానీ ఆ లెక్కలకు సరిపోయేలాగే కదా వెయిట్లు (ఒక్కో సర్వే కుటుంబాన్ని ఎన్నిసార్లు లెక్కలోకి తీసుకోవాలో చెప్పే అంకెలు) సర్దింది! అసలు చూడాల్సింది కంట్రోల్‌గా, అంటే సరిపోవాల్సిన లెక్కగా, పెట్టని టేబుళ్లని. బడికెళ్లే పిల్లలు, సొంత బండి రెండూ ఉన్న ఇళ్లెన్ని అని చూస్తే, మేం విడిగా చేసుకున్న సర్వేకి ఎక్కడా పొంతన లేదు. పిల్లల్ని దింపి ఆఫీసుకెళ్లే ట్రిప్పులు ఆ ఇళ్లలోనే పుడతాయి, అక్కడ తప్పితే ఉదయం రద్దీని మోడల్ ఎలా పట్టుకుంటుంది?

శాంపిల్ చిన్నదైన చోట ఇంకా ఘోరం. ఒకే సర్వే కుటుంబం ఒకే జోన్‌లో పదులసార్లు కనిపించింది. శాంపిల్‌లో అసలు లేని రకం కుటుంబమైతే ఎప్పటికీ రాదు, సున్నాని దేంతో గుణించినా సున్నానే. ఇది అడిగితే సపోర్ట్ వాళ్లు ఇటరేషన్లు (సర్దుబాటు రౌండ్లు) పెంచి అదే ఫైల్ మళ్లీ పంపారు. హాస్టళ్లలో ఉండే విద్యార్థులైతే మొత్తానికే లేరు.

ఇళ్లకు లొకేషన్ ఇవ్వడం మరీ నిర్లక్ష్యంగా చేశారు. జోన్ హద్దుల్లో ఎక్కడపడితే అక్కడ చల్లేశారు, చెరువులో కూడా ఇళ్లున్నాయి. బస్‌స్టాప్‌కి నడిచే దూరం తప్పితే బస్సెక్కేవాళ్ల లెక్కా తప్పుతుంది. బిల్డింగుల డేటా తెచ్చుకుని ఆ పని మేమే మళ్లీ మొదటినుంచీ చేసుకుంటున్నాం.

జోన్ల మధ్య ట్రిప్పులను మొత్తాలుగా లెక్కగట్టే నాలుగు దశల మోడల్ నడిపేవాళ్లు తీసుకోవచ్చు, ఇబ్బంది ఉండదు. ఒక్కో మనిషి ప్రయాణాన్నీ విడివిడిగా నడిపే మాట్‌సిమ్‌లాంటి ఏజెంట్ మోడల్‌కైతే నేను వద్దనే చెప్తాను. తీసుకోక తప్పదంటే డబ్బు కట్టేముందే వేర్వేరు ర్యాండమ్ సీడ్‌లతో (యాదృచ్ఛిక ఎంపికను మొదలుపెట్టే అంకెలు) కనీసం ఐదు జనాభాలు అడగండి, మాకు ఒక్కటే ఇచ్చారు. వెయిట్లను పూర్ణసంఖ్యలుగా మార్చేటప్పుడు చిన్న జోన్ల ఫలితాలు ఎంత ఊగుతున్నాయో ఒక్క ఫైల్‌తో తెలుసుకోలేకపోయాం.