ఫైబర్ కోతలో పగులు లెక్క: ఎక్స్‌ఫెమ్ మేలా, ఫేజ్ ఫీల్డ్ మేలా?

125 మైక్రాన్ల గాజు ఫైబర్‌ను లాగి పట్టి, పక్కన చిన్న గాటు పెట్టి, లేజర్‌తో వేడి చేస్తే పగులు అడ్డంగా సాగాలి, కొస నున్నగా రావాలి. ఇదే కంప్యూటర్‌లో లెక్కగట్టి చూడాలంటే రెండు దారులు: ఎక్స్‌ఫెమ్ (XFEM), ఫేజ్ ఫీల్డ్. రెండిటిలోనూ గాజును ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్క చేస్తారు, ఆ ముక్కల అల్లికే మెష్.

1999లో వచ్చిన ఎక్స్‌ఫెమ్‌లో పగులు పదునైన గీత. మెష్ మార్చకుండానే ఎలిమెంట్ల మధ్యలోంచి సాగుతుంది. ఎక్కడ మొదలవాలో మనమే చెప్పాలి. ఫైబర్ విషయంలో అది ఇబ్బందే కాదు, గాటు పెట్టేది మనమేగా!

ఫేజ్ ఫీల్డ్‌లో పగులు సున్నా (చెక్కుచెదరని గాజు) నుంచి ఒకటి (పూర్తిగా పగిలింది) దాకా మారే మసక పట్టీ. ఎక్కడ పుట్టాలో, ఎటు చీలాలో శక్తి లెక్కే తేలుస్తుంది. కానీ పట్టీ వెడల్పులో రెండు మూడు ఎలిమెంట్లైనా పట్టాలి, త్రీడీలో మెష్ తడిసి మోపెడవుతుంది. పైగా కొస కోణం అర డిగ్రీ తేడా చూడాలంటే ఆ మసకే అడ్డు.

నా ఓటు ఎక్స్‌ఫెమ్‌కే. గాటు లేకుండా లేజర్ ఒక్కదానితోనే పగులు పుట్టించాలనుకుంటే మాత్రం ఫేజ్ ఫీల్డ్ తప్పదు.

ఏది వాడినా వేడిని అతిగా నమ్మొద్దు. ఫైబర్ గాజు, అంటే సిలికా, వేడికి వ్యాకోచించేది చాలా తక్కువ. వెయ్యి డిగ్రీల తేడాకు సుమారు 40 మెగాపాస్కల్స్ ఒత్తిడే వస్తుంది. 2 న్యూటన్ల లాగుడు ఒక్కటే 160 దాకా ఇస్తుంది.