జాగ్రత్త: చైన్ సా ఇంజన్‌కి "పోర్టింగ్" చేయించాలనుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

కర్ర కటింగ్ పనులు చేసేవాళ్లు, పొలం అవసరానికి సొంతంగా చైన్ సా కొనుక్కున్న రైతులు ఒకసారి ఇది చదవండి. "మీ మిషన్ మాకు పంపండి, పోర్టింగ్ చేసి, సైలెన్సర్ ఓపెన్ చేసి 30 శాతం పవర్ పెంచి ఇస్తాం" అనే ప్రకటనలు వాట్సాప్‌లో, రీల్స్‌లో మీరూ చూసే ఉంటారు. పోర్టింగ్ అంటే సిలిండర్‌లోకి గాలి, పెట్రోలు వచ్చే, పొగ బయటికి పోయే రంధ్రాలని (వాటినే పోర్టులంటారు) అరగదీసి మార్చడం. అలాంటి ఒక షాపు నా దగ్గర పన్నెండు వేలు తీసుకుని, నిక్షేపంలా నడుస్తున్న స్టిల్ కంపెనీ ఎంఎస్ 381 చైన్ సాని నెల తిరక్కుండానే సీజ్ అయ్యేలా, అంటే ఇంజన్ పట్టేసేలా చేసి పెట్టింది. షాపు పేరు రాయడం లేదు. రాస్తే ఆ ఒక్కరే అలాంటివాళ్లనుకుంటారు. ఇదే పని ఇదే పద్ధతిలో చేసేవాళ్లు ఇంకా ఉన్నారని ఆ తర్వాత నలుగురితో మాట్లాడాక తెలిసింది.

మాది ఒంగోలు వైపు. సుబాబుల్, జామాయిల్ తోటలు కొట్టించి పేపరు మిల్లులకు తోలే పని. ఆ కర్రకి 381 ఎక్కువే. 72.2 సీసీ, బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 52 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 34, పవర్ 3.9 కిలోవాట్లు, అంటే ఐదు హార్స్ పవర్ దాటే ఉంటుంది. ఈమధ్య చెరువు కట్టల మీద, గట్ల మీద ఉన్న పాత తుమ్మ మానులు కూడా ఒప్పుకుంటున్నాం. ఎండిన తుమ్మ మొదలు ఎంత మొండిదో కోసినవాళ్లకే తెలుసు. అక్కడ మిషన్ కాస్త ఇబ్బంది పడుతోందని మా ఆపరేటర్ అంటున్న రోజుల్లోనే ఈ ప్రకటన కంటబడింది.

షాపులో ముందు డెమో చూపించారు. మోసమంతా అక్కడే ఉంది కాబట్టి అది కాస్త వివరంగా చెబుతాను. స్టాండు మీద అప్పుడే కొట్టుకొచ్చిన పచ్చి జామాయిల్ దుంగ, ఎనిమిది అంగుళాల లావు. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న మిషన్‌తో ఒక కోత కోశారు. తర్వాత వాళ్లు పోర్టింగ్ చేసిన మిషన్‌తో ఇంకో కోత. రెండోది దాదాపు సగం టైములో దిగిపోయింది. "రేసు మిషన్ అన్నా ఇది" అన్నాడు కుర్రాడు. ఆ స్పీడు చూస్తే ఎవరైనా జేబులో చెయ్యి పెడతారు.

మా మిషన్ పని అయ్యి తిరిగొచ్చాక క్లచ్ కవరు తీసి చూస్తే చైనుని తిప్పే ఏడు పళ్ల చక్రం, అదే స్ప్రాకెట్, స్థానంలో ఎనిమిది పళ్లది ఉంది. చైను కూడా మార్చారు. ఇక్కడ చిన్న లెక్క చూడండి. 3/8 అంగుళం పిచ్ (చైను లింకుల కొలత) ఉన్న చైనుకి ఏడు పళ్ల స్ప్రాకెట్ ఒక చుట్టు తిరిగితే చైను 133 మిల్లీమీటర్లు నడుస్తుంది. ఎనిమిది పళ్లదైతే 152. నిమిషానికి పదివేల చుట్లు అనుకుంటే సెకనుకి 22 మీటర్లు నడిచే చైను 25 మీటర్లు నడుస్తుంది. ఇంజన్‌లో ఒక్క బోల్టు కూడా కదపకుండా 14 శాతం వేగం వచ్చేసింది.

అది సగం సంగతే. చైనులో కోసే ప్రతి పన్ను ముందూ ఒక చిన్న బొడిపె ఉంటుంది, డెప్త్ గేజ్ అంటారు. పన్ను కర్రలోకి ఎంత లోతు దిగాలో దాని ఎత్తే చెబుతుంది. మామూలుగా 3/8 చైనుకి అది పన్ను కొన కంటే 0.65 మిల్లీమీటరు కిందికి ఉండాలి. మాకు వచ్చిన చైనులో కొన్నిచోట్ల మిల్లీమీటరున్నర దాకా అరగదీశారు. పచ్చి జామాయిల్లో అలాంటి చైను అటుకుల్లాంటి పెద్ద పెద్ద పేళ్లు ఎగరేస్తూ దిగుతుంది, చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అదే చైను ఎండు తుమ్మలో పెడితే పన్ను కర్రని పట్టుకుని ఇంజన్‌ని ఆపేస్తుంది. బార్ (చైను చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ) ముక్కు తగిలిందంటే మిషన్ ఎగిరి మొహం మీదకే వస్తుంది. మా ఆపరేటర్‌కి ఒకసారి అలాగే లేచింది. చైన్ బ్రేకు పడబట్టి సరిపోయింది.

అంటే డెమోలో మనకి చూపించింది చైను వేగం, బిల్లు వేసింది ఇంజన్ పనికి. ఎవరైనా మీకు డెమో చూపిస్తానంటే ఒక్క మాట అడగండి: "అదే బారు, అదే చైను, అదే స్ప్రాకెట్ రెండు మిషన్లకీ మార్చి మార్చి పెట్టి, బారు మొత్తం మునిగేంత లావు ఎండు దుంగలో కోసి చూపించు." నిజంగా పని తెలిసినవాడు సరేనంటాడు. మిగతావాళ్లకి ఆ రోజు టైం ఉండదు.

ఇక ఇంజన్ సంగతి. తెచ్చిన కొత్తల్లో మిషన్ గోల గోలగా, చాలా చురుగ్గా ఉండేది. రేజ్ ఇస్తే కీచుమని పైకి లేచేది, కుర్రాళ్లకి ఆ సౌండు తెగ నచ్చింది. ఒక మధ్యాహ్నం తుమ్మ మొద్దులో లోతుగా ఉండగా సౌండు ఒక్కసారి సన్నబడి, ఇంజన్ పట్టేసింది. చల్లారాక తాడు లాగితే కదిలింది గానీ కంప్రెషన్ లేదు.

మా ఊళ్లో ఒక పాత టూ స్ట్రోక్ మెకానిక్ ఉన్నాడు, ఆర్‌ఎక్స్ 100 ల కాలం మనిషి. ఆయన దగ్గర విప్పించాం. సైలెన్సర్ తీసి ఎగ్జాస్ట్ పోర్టులోంచి టార్చి వేస్తే చాలు, కథంతా కనబడింది. పిస్టన్‌కి ఎగ్జాస్ట్ వైపు పైనుంచి కిందికి నిలువు గీతలు, అల్యూమినియం కరిగి రుద్దుకుపోయినట్టు. ఇన్‌టేక్ వైపు మాత్రం శుభ్రంగా ఉంది. "ఆయిల్ లేక పట్టేస్తే చుట్టూ గీతలు పడతాయి, ఇది వేడికి పట్టేసింది" అన్నాడు ఆయన. సిలిండర్ పైకి లేపాక మిగతావి బయటపడ్డాయి.

ఎగ్జాస్ట్ పోర్టుని గ్రైండర్‌తో ఇష్టమొచ్చినట్టు వెడల్పు చేశారు. ఈ సిలిండర్ల లోపల నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిపిన సన్నటి పూత ఉంటుంది. పోర్టు అంచు దగ్గర గ్రైండింగ్ జాగ్రత్తగా చేయకపోతే ఆ పూత పెచ్చులుగా లేస్తుంది. చేశాక అంచుని నున్నగా వాలుగా రుద్దాలి, లేకపోతే పిస్టన్ రింగు వెళ్లి అక్కడ తగులుకుంటుంది. మాదాంట్లో అంచు వేలితో తడిమితే గీసుకునేంత పదునుగా ఉంది, ఒక మూల పూత గోరంత లేచిపోయింది. వెడల్పు కూడా ఎక్కువే. పని తెలిసినవాళ్లు బోరు వెడల్పులో 60, 65 శాతం దగ్గర ఆగిపోతారు, అది దాటితే రింగు పోర్టులోకి ఉబ్బి విరగడం మొదలవుతుంది.

సిలిండర్ కింద గ్యాస్కెట్ తీసేసి సీలెంట్ పేస్టు పూసి బిగించారు. కంప్రెషన్ పెంచడానికి ఇది అందరూ చేసే పనే, తప్పు కాదు. కానీ తీసే ముందు, తీసిన తర్వాత పిస్టన్‌కీ సిలిండర్ పైభాగానికీ మధ్య సందు కొలవాలి. దానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. సోల్డరింగ్ చేసే సీసం తీగ ముక్క ప్లగ్ రంధ్రంలోంచి బోరు అంచుకి ఆనేలా పెట్టి, ఫ్లైవీల్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పి, నలిగిన కొసని వెర్నియర్‌తో చూడటమే. అర మిల్లీమీటరు కన్నా తగ్గకూడదని లెక్క. మాది 0.3 వచ్చింది. పిస్టన్ నెత్తి మీద ఒక పక్క తగిలి మెరుస్తున్న మచ్చ కూడా ఉంది. పేస్టు ఒకచోట సరిగ్గా పట్టక అక్కడినుంచి గాలి లాగుతున్న గుర్తులున్నాయి. గ్యాస్కెట్ తీస్తే సిలిండర్ కిందికి దిగుతుంది, దాంతో ఎగ్జాస్ట్ ఆలస్యంగా తెరుచుకుంటుంది. అందుకే డిగ్రీ చక్రం (ఇంజన్ ఎంత తిరిగిందో డిగ్రీల్లో చూపే గుండ్రటి బిళ్ల) పెట్టి, పోర్టు ఎప్పుడు తెరుచుకుంటోందో, అంటే టైమింగ్, కొలుచుకుంటూ పోర్టులు సరిచేయాలి. ఆ షాపులో డిగ్రీ చక్రం నాకు ఎక్కడా కనపడలేదు.

అన్నిటికంటే పెద్ద నేరం కార్బొరేటర్‌ది. సైలెన్సర్ రంధ్రం పెద్దది చేశారంటే ఇంజన్ గాలి ఎక్కువ పీలుస్తుంది. ఆ గాలికి తగ్గట్టు హెచ్ స్క్రూ (ఫుల్ రేజ్‌లో పెట్రోలు ఎంత రావాలో సరిచేసేది) ఎడమవైపు తిప్పి పెట్రోలు పెంచాలి. వీళ్లు కీచుమనే సౌండు కోసం ఉల్టా బిగించారు. పెట్రోలు తగ్గితే రేజ్ పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది, పిస్టన్‌కి అందే ఆయిల్ కూడా తగ్గుతుంది, ఎందుకంటే టూ స్ట్రోక్‌లో ఆయిల్ వచ్చేదే పెట్రోలుతో. ఖాళీగా ఫుల్ రేజ్ ఇచ్చినప్పుడు సౌండు కాస్త గరగరమంటూ ఉండి, కర్రలో పెట్టగానే శుభ్రపడాలి. ఖాళీగానే విజిల్ వేసినట్టు ఉందంటే ప్రమాదం. ప్లగ్ వైరుకి చుట్టుకునే టాకోమీటర్లు ఆన్‌లైన్లో తక్కువ ధరకే దొరుకుతున్నాయి. మాన్యువల్లో రాసిన గరిష్ఠ చుట్లు దాటకుండా పెట్టుకోవచ్చు.

దీనికి ఈ20 పెట్రోలు తోడైంది. పూర్తిగా మండటానికి మామూలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 పాళ్లు చాలు. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పోస్తే, స్క్రూ ముట్టుకోకపోయినా మిశ్రమం కొంత పల్చబడినట్టే. కంపెనీ సెట్టింగులో ఉన్న మిషన్ దాన్ని తట్టుకోవచ్చు, అంచు దాకా బిగించిన మిషన్ తట్టుకోదు.

షాపుకి ఫోను చేస్తే మొదటి మాట "ఆయిల్ తక్కువ కలిపారన్నా." మేం వాడేది కంపెనీ ఆయిలే, లీటరుకి 20 మిల్లీలీటర్లు, అంటే 50:1. వేరే ఆయిల్ అయితే 25:1, లీటరుకి 40. ఆ విషయం చెప్పి, గీతలు ఒక్క వైపే ఉన్న పిస్టన్ ఫొటో పంపాను. రెండు నీలి టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. బిల్లు అడిగితే ఇచ్చిన కాగితం మీద "సర్వీసు" అని తప్ప ఏం చేశారో ఒక్క ముక్క లేదు. అందువల్ల ఎక్కడికి వెళ్లినా నా దగ్గర ఆధారం లేదు. కంపెనీ వారంటీలో ఉన్న మిషన్‌కి ఇలాంటి పని చేయిస్తే ఆ వారంటీ మీద కూడా ఆశ వదులుకోవాల్సిందే.

ఇంకోటి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. సైలెన్సర్ లోపల సన్నటి జాలీ ఒకటి ఉంటుంది, నిప్పురవ్వలు బయటికి రాకుండా. "గాలికి అడ్డం" అని అది పీకేశారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో జామాయిల్ తోటలో నేలంతా ఎండాకు. ఆ ఆకులో నూనె ఉంటుంది, అంటుకుంటే ఆపడం మనవల్ల కాదు. బరువు తగ్గిద్దామని చైన్ క్యాచర్ కూడా తీసేశారు. తెగిన చైను చేతి మీదకి రాకుండా ఆపేది ఆ చిన్న ముక్కే.

ఇంజన్ మాడిఫికేషన్ అంతా మోసమని నేననను. హస్క్‌వర్నా కంపెనీ చైన్ సాలు 365 ఎక్స్-టార్క్, 372 ఎక్స్‌పీ ఎక్స్-టార్క్ రెండూ 70.7 సీసీనే. 365 లో ట్రాన్స్‌ఫర్ దారికి (పెట్రోలు, గాలి మిశ్రమం కింది నుంచి సిలిండర్‌లోకి ఎక్కే దారి) అడ్డంగా ఉంచిన దిమ్మె తీసి కార్బొరేటర్ సరిచేసుకుంటే పెద్దదానికి దగ్గరగా వస్తుందని ఆ మిషన్లు వాడేవాళ్లకి తెలిసిన సంగతే. కొలతలు రాసుకుని, మార్పుకి ముందూ వెనకా కంప్రెషన్ చూసుకుని, గాలి లీకు టెస్టు చేసి ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు. మన దగ్గర ఇబ్బంది ఏంటంటే ఈ పనికి దిగినవాళ్లలో చాలామంది చెయ్యి తిప్పుకున్నది ఆర్‌ఎక్స్ 100 ల మీద. బైకు ఫుల్ రేజ్‌లో ఎంతసేపు ఉంటుంది? గేరు మారగానే దిగిపోతుంది. చైన్ సా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫుల్ రేజ్‌లోనే బతుకుతుంది. విదేశాల్లో 1985 నుంచి జరుగుతున్న స్టిల్ టింబర్‌స్పోర్ట్స్ పోటీల్లో హాట్ సా అనే విభాగంలో భయంకరమైన ఇంజన్లు వాడతారు. అవి కొన్ని సెకన్లు నడిచి ఆగిపోయే మిషన్లు. ఆ వీడియోలు చూపించి టన్నుల లెక్కన కోసే మిషన్ అమ్మకూడదు.

మాకు సిలిండర్, పిస్టన్, రింగులు, ప్లగ్, సీళ్లు అన్నీ ఒరిజినల్ వేయించేసరికి పోర్టింగ్‌కి పెట్టినదానికి రెండింతలు దాటింది. సైలెన్సర్ కూడా మార్చాం. తుమ్మకి ఇప్పుడు వేరే చైను పెట్టుకున్నాం. 5.2 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయితో 30 డిగ్రీల కోణంలో ట్యాంకు నింపినప్పుడల్లా రెండు మూడు సార్లు రుద్దుతాడు మా ఆపరేటర్, గేజులు కొలిచే రేకు ఎప్పుడూ జేబులోనే. స్ప్రాకెట్ మళ్లీ ఏడు పళ్లదే. తుమ్మ కోత నాకు నచ్చేంత వేగంగానే సాగుతోంది.

ఆఖరుగా సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి. ఇలా పట్టేసిన మిషన్లనే పిస్టన్ మార్చి, సిలిండర్‌కి గరుకు కాగితం కొట్టి "పోర్టెడ్ మిషన్, ఫుల్ పవర్" అని అమ్ముతున్నారు. సీసీ స్టిక్కర్‌ని కూడా నమ్మకండి. మా దగ్గరున్న 58 సీసీ చైనా మిషన్ బోరు 45.2, స్ట్రోకు 34, లెక్క వేస్తే 54.6 సీసీ వచ్చింది. కొనే ముందు చల్లగా ఉన్నప్పుడే తాడు పట్టుకుని మిషన్‌ని వేలాడదీయండి, కంప్రెషన్ ఉంటే ఆగి ఆగి దిగుతుంది, జర్రున జారకూడదు. తర్వాత సైలెన్సర్ బోల్టులు విప్పించి ఫోను లైటు వేసి పోర్టులోకి చూడండి. పిస్టన్ మీద నిలువు గీతలున్నాయా, పోర్టు అంచు రంపంలా ఉందా, పూత లేచిందా, జాలీ ఉందా. ఐదు నిమిషాల పని. అమ్మేవాడు సైలెన్సర్ విప్పనివ్వనంటే ఇంక బేరం ఆడకుండా వచ్చేయండి.